సాక్షి ముక్క

కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే అత్తగారు పెళ్లయిన నాటి నుంచీ ఒకటే జవాబు చెబుతోంది. "ఆస్పత్రిలో కొవ్వొత్తులు చేస్తుంది."

ఆవిణ్ణి తప్పు పట్టడానికీ లేదు. కోడలు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టులోంచి, బట్టల్లోంచి మైనం వాసనే వస్తుంది. గోళ్ల సందుల్లో తెల్లటి మైనం పొడి ఉంటుంది. ఒకసారి చెప్పుకి అంటుకుని వచ్చిన మైనం పెచ్చు మీద అడుగేసి అత్తగారు గుమ్మంలోనే జారిపడబోయింది కూడా. ఆస్పత్రికి అన్ని కొవ్వొత్తులు దేనికని పక్కింటావిడ అడిగితే, "కరెంటు పోతే ఆపరేషన్లు చీకట్లో చేస్తారనుకున్నావా?" అని కసిరింది. పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఈ కొవ్వొత్తుల సంగతి వీధి మొత్తానికీ ఖాయమైపోయింది. కోడలు మొదట్లో సరిదిద్దబోయి, తర్వాత విసుగొచ్చి ఊరుకుంది.

ల్యాబులో ఆమెని అందరూ మైనం అక్క అంటారు. పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అంతే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆపరేషన్లలో తీసిన గడ్డలు సీసాల్లో ఆ గదికి వస్తాయి. వాటిలోంచి చిన్న ముక్క తీసి, మైనంలో పోత పోసి, అగ్గిపెట్టెలో సగం ఉండే దిమ్మ చేస్తారు. ఆ దిమ్మని యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ పొరలు పొరలుగా కోయడం అక్క పని. పొర అంటే మన ఇళ్లలో ఉల్లిపాయ పొర కాదు. తలవెంట్రుక మందాన్ని పదిహేను వాటాలు వేస్తే అందులో ఒక వాటా. కోసిన పొర గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంది. దాన్ని గాజు పలక మీదకి ఎక్కించి, రంగులు వేసి, డాక్టరమ్మ మైక్రోస్కోపు పక్కన పెడితే అక్క పని అయిపోతుంది. దిమ్మ మరీ గట్టిపడి పొర చిట్లిపోతుంటే, దాని మీద నోటితో హా అని వెచ్చగా ఊదుతుంది. ఆ ఊపిరి ఎంత, ఎంతసేపు అనేది పుస్తకాల్లో ఉండదు. కొత్తగా చేరినవాళ్లు ఊదితే మైనం మెత్తబడి పొర ముడుచుకుపోతుంది, అక్క ఊదితే పట్టులా జారి వస్తుంది.

ముప్ఫై ఏళ్లలో ఆమె కోసిన మనుషులు లక్ష దాటి ఉంటారు. ఒక్కరి మొహమూ ఎరగదు. అందరూ నంబర్లే.

ఆమె పెళ్లి కూడా ఆ యంత్రం పెట్టిన భిక్షే. ఇప్పుడంటే వాడి పారేసే బ్లేడ్లు వచ్చాయి గానీ, అప్పట్లో జానెడు ఉక్కు కత్తి ఉండేది. దానికి సాన పట్టించుకు రమ్మని కొత్తగా చేరిన పిల్లని వీధి చివర సాన దుకాణానికి పంపేవాళ్లు. దుకాణం కుర్రాడు కత్తికి పదును పెట్టి, బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, "వెంట్రుక తెగుద్ది, తీసుకెళ్లు" అనేవాడు. ఆ కత్తితో కోస్తే ప్రతి పొరకీ అడ్డంగా గీత పడేది. నాలుగోసారి ఆ పిల్ల చేతిలో మైనపు దిమ్మ పట్టుకుని వెళ్లి, "మీ గోటి మీద కాదు, దీని మీద కోసి చూపించండి" అని దుకాణం ముందు బైఠాయించింది. ఆయన కోశాడు. గీత పడింది. ఆ రోజు నుంచి మైనపు దిమ్మ ఒకటి దుకాణంలోనే పెట్టుకున్నాడు. కత్తులు బాగుపడ్డాయి. మిగతాది చెప్పనక్కర్లేదు.

ఇక సాక్షి ముక్క సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది కనుక.

ఎనిమిదేళ్ల క్రితం ఆ ల్యాబుకి కొత్తరకం రంగులు వచ్చాయి. గడ్డ ఏ కణం నుంచి పుట్టిందో పట్టిచ్చే రంగులు. కడుపులో పుట్టే కొన్ని గడ్డలు మామూలు రంగుల్లో చూస్తే కవలపిల్లల్లా ఒకేలా ఉంటాయి. సన్నగా పొడుగ్గా ఉండే కణాలు చాప అల్లినట్టు పడి ఉంటాయి. ఒక గడ్డ పుట్టిల్లు పేగు గోడలోని కండరం. ఇంకోదాని పుట్టిల్లు, పేగు ఎప్పుడు కదలాలో దానికి లయ చెప్పే కజాల్ అనే కణాల కుటుంబం. పైకి తేడా తెలీదు గానీ, వైద్యంలో మాత్రం ఇదెక్కడ, అదెక్కడ. లయ చెప్పే కణాల గడ్డ అయితే కాలేయానికి పాకినా సరే, రోజుకో మాత్రతో ఏళ్ల తరబడి అణిగి ఉండేవాళ్లు చాలామంది. కండరం గడ్డ పాకితే ఆ మాత్ర దాన్ని ఏమీ చెయ్యదు. ఇంజెక్షన్లు ఇస్తారు, మనిషి కుంగిపోతాడు, ఆశ తక్కువ. అందుకే పుట్టింటి ఆచూకీ ముందు తేలాలి. కొత్త రంగు వేస్తే లయ చెప్పే కణాల గడ్డ గోధుమరంగుకి తిరుగుతుంది. కండరం గడ్డ తిరగదు.

మరి రంగే పని చెయ్యకపోతే? అప్పుడూ తిరగదు. అందుకని ప్రతి పలక మీదా రోగి పొరకి పైన, తప్పకుండా గోధుమరంగుకి తిరగాల్సిన మంచి ముక్క ఒకటి పెడతారు. అది తిరిగితే రంగు పని చేసిందని సాక్ష్యం. దానికి ఆరోగ్యంగా ఉన్న అపెండిక్సు శ్రేష్ఠం. జబ్బు లేని అపెండిక్సుని ఎవరు కోయించుకుంటారు? అక్క కోయించుకుంది. అంతకు చాలా ఏళ్ల ముందు ఒక పెళ్లి విందు తిన్న రాత్రి కడుపునొప్పి వస్తే, ఆ ఆస్పత్రి సర్జనే హడావిడిగా తీసేశాడు. సెలవు నుంచి తిరిగొచ్చి తన ముక్కని తనే కోసి పలక మీద పెడితే, అప్పటి ముసలి డాక్టరుగారు చూసి, "ఇందులో జబ్బేం లేదమ్మా, ఊరికే తీశారు" అన్నాడు. వారం రోజులు సర్జన్ని తిట్టుకుంది. ఆమె మొగుడైతే, "విందులో నాలుగు గారెలు తక్కువ తిని ఉంటే పోయేది కదే" అని ఇప్పటికీ అంటాడు. ఆ అపెండిక్సుతో చేసిన మూడు దిమ్మలూ పాత పెట్టెలో పడి ఉన్నాయి. కొత్త రంగులు వచ్చినప్పుడు వాటిని తీసి వాడి చూస్తే, అంత చక్కగా తిరిగే ముక్క ఇంకోటి దొరకలేదు.

అప్పట్నుంచీ ఆ ల్యాబులో ఈ రంగు వేసిన ప్రతి పలక మీదా పైన అక్క ముక్క, కింద ఎవరో ఒకరి గడ్డ. రంగు పూర్తయ్యాక మొదట తన ముక్కనే చూసుకునేది. నీలం నేల మీద గోధుమరంగు చుక్కలు చల్లినట్టు ముద్దుగా ఉండేది. కాకిపిల్ల కాకికి ముద్దు. అది బాగుందనగానే రిజిస్టరులో 'సాక్షి సరే' అనే గడిలో టిక్కు పెట్టి, పలకని డాక్టరమ్మ బల్ల మీదకి చేర్చేది. అంత గర్వం ఆమెకి తన పిల్లల మార్కుల మీద కూడా లేదంటే అతిశయోక్తి కాదు.

ఎంత పొదుపుగా కోసినా మైనం అరుగుతుంది. మూడు దిమ్మల్లో రెండు అయిపోయాయి. మూడోది వెలుతురుకి పెడితే అవతలి వేలు కనిపించేంత పల్చబడింది. ఇక కొత్త సాక్షిని వెతుక్కోవాలి. ఒక బుధవారం పొద్దున పని తక్కువగా ఉంటే, ఈమధ్య రిపోర్టులు వెళ్లిపోయిన పలకల ట్రేలు ముందేసుకుని మైక్రోస్కోపు దగ్గర కూచుంది. ఏ రోగి గడ్డ పక్కనైనా ఆరోగ్యంగా ఉన్న కడుపు గోడ అంచు మిగిలి, బాగా రంగు పట్టి ఉంటే, ఆ దిమ్మని అడిగి పుచ్చుకోవాలని ఆమె ఆలోచన.

ఇన్నేళ్లలో తన ముక్క దాటి కిందికి వచ్చి, తీరుబడిగా పక్కవాళ్ల ముక్కలని చూడటం ఆమెకి అదే మొదలు.

నూట పద్దెనిమిదో నంబరు దగ్గర చెయ్యి ఆగింది. పైన తన అపెండిక్సు నిండుగా తిరిగింది. కింద గడ్డ మొత్తం లేత నీలం. అంటే కండరం గడ్డ. సోమవారమే రిపోర్టు వెళ్లింది. గడ్డ అంచున కడుపు గోడ గోరంత ముక్క ఉంది. కొత్త సాక్షికి పనికొస్తుందేమోనని దాని మీదకి జరిపింది. అది కూడా నీలమే.

కడుపు గోడలో మాస్ట్ కణాలని కొన్ని ఉంటాయి. పని లేకుండా వీధి మలుపులో నిలబడే జనంలా అక్కడొకటి, ఇక్కడొకటి. ఎంత ఆరోగ్యవంతుడికైనా ఉంటాయి, ఎంత రోగికైనా ఉంటాయి. ఈ రంగు వాటికి పట్టి తీరుతుంది. అంచు ఈ చివర్నుంచి ఆ చివరికి మూడుసార్లు వెతికింది. ఒక్కటీ లేదు. ఉండకుండా ఎలా ఉంటాయి? ఉన్నాయి, రంగు పట్టలేదు. వాటికే పట్టనప్పుడు గడ్డకి పట్టలేదని చెప్పడానికి వీల్లేదు. తన ముక్క తన గురించి నిజం చెప్పింది. కింద ఉన్న మనిషి గురించి దానికేం తెలుసు?

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఎనిమిదేళ్లుగా తను టిక్కులు పెట్టుకుంటూ వచ్చింది. రిజిస్టరు తీసి చూసింది. నూట పద్దెనిమిది ఎదురుగా టిక్కు, పక్కన తన పొట్టి సంతకం.

ఇక్కడ అక్క చటుక్కున లేచి డాక్టరమ్మ గదికి పరుగెత్తిందని రాస్తే కథకి అందంగా ఉంటుంది. కానీ అబద్ధం ఎందుకు? ఆమె ఆ పలకని మళ్లీ ట్రేలో పెట్టేసింది. రిపోర్టు వెళ్లిపోయింది, డాక్టరమ్మ సంతకం ఉంది, బహుశా నిజంగానే కండరం గడ్డేమో, ఇప్పుడు కదిలిస్తే ముప్ఫై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. ఇవన్నీ అనుకుంది. మధ్యాహ్నం డబ్బా విప్పింది. రెండు ముద్దలు దిగాయి, మూడోది దిగలేదు. డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని, ట్రేలోంచి పలక తీసుకుని వెళ్లింది.

డాక్టరమ్మ ఆమెకంటే ఐదారేళ్లు చిన్నది, మాట కటువు. పలకని చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"మాస్ట్ కణాలు లేవు" అంది.

"లేవు మేడం. నేను పైన నాది చూసి టిక్కు పెట్టేశాను. కింద చూడలేదు."

"మీరు చూడలేదు సరే అక్కా. సంతకం నాది కదా. నేనూ చూడలేదు." డాక్టరమ్మ పాత రిపోర్టు తిరగేసింది. "కండరాన్ని చూపే వేరే రంగు మాత్రం కొంచెం పట్టింది. దాన్ని చూసే నేను రాసేశాను. అది మొండి రంగు, ఎలాంటి ముక్కకైనా పడుతుంది. ఈ ముక్క ఫార్మలిన్‌లో ఎన్నాళ్లు నానింది?"

సీసా బయటి ఆస్పత్రి నుంచి వచ్చింది, తమ దగ్గరికి చేరిన తేదీ తప్ప కాగితంలో ఏమీ లేదు. ముక్క కుళ్లకుండా ఆపే ఆ మందులో కోసిన రోజు నుంచి మర్నాటి దాకా నానితే చాలు. మరీ ఎక్కువ నానితే ముక్క బిగుసుకుపోతుంది, కొన్ని రంగులు లోపలికి దూరవు. అక్క ముక్క హాయిగా ఒక్క రోజే నానింది, అందుకే అంత అందం.

"రోగి ఇంటివాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి" అంది డాక్టరమ్మ. "ఇంకేం చెప్పకండి. తేలేదాకా ఆశ పెట్టొద్దు."

ఫోన్ ఎత్తింది రోగి కూతురు. వెనకాల పిల్లల గోల వినపడుతోంది. స్కూలు వ్యాను నడుపుతానని, పక్కకి ఆపుతానని చెప్పి, ఆపాక మాట్లాడింది.

"ఆ సీసా మా ల్యాబుకి రాకముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఉందమ్మా?"

"ఇరవై నాలుగు రోజులండి. వాళ్లు పంపించామన్నారు. నేను వెళ్లి చూస్తే బీరువా మీద అలాగే ఉంది. నేనే తెచ్చాను. వ్యాన్‌లో పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాను, ఒలికిపోతుందేమోనని." ఆగి అడిగింది. "ఏమైనా తేడా వచ్చిందాండీ? శనివారం నుంచి నాన్నకి ఇంజెక్షన్లు మొదలుపెడతామన్నారు."

"ఏం లేదమ్మా, రికార్డు కోసం" అంది అక్క. గబగబా ఫోన్ పెట్టేసింది.

డాక్టరమ్మ అప్పుడే ఇంజెక్షన్ల డాక్టరుకి ఫోన్ చేసి, శుక్రవారం సాయంత్రం దాకా ఏదీ మొదలుపెట్టొద్దని చెప్పింది. గడ్డలోంచి ఇంకో ముక్క తీసుకోవడానికి వీల్లేదు. మిగతా గడ్డని ఆ ఆస్పత్రివాళ్లు ఎప్పుడో పారేశారు. ఉన్నది ఈ దిమ్మే. ఇప్పటికే ఎన్నో రంగులకి కోసి కోసి అందులో రోగి ముక్క కాగితంలా మిగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు పాత ఇస్త్రీ పెట్టె విప్పుకుని కూచున్నాడు. సాన దుకాణం మూసేశాక చేతులు ఊరుకోక ఏదో ఒకటి విప్పుతూ ఉంటాడు. అక్క జరిగింది చెప్పింది. ఆయన మరలు ఏరుకుంటూ విన్నాడు.

"నేను గోటి మీద పదును చూస్తే నా గోటికే తెలుస్తుంది, మైనానికి తెలీదని నా దుకాణం ముందు కూచుని పోట్లాడింది ఎవరు?" అన్నాడు.

"ఎగతాళి చెయ్యకండి, ప్రాణం ఉసూరుమంటోంది."

"ఎగతాళి కాదే. అప్పుడు నాకూ ఇలాగే చచ్చేంత సిగ్గేసింది. రెండు రోజులు దుకాణం తియ్యలేదు, నీకు చెప్పలేదంతే." మరని కింద పెట్టి ఆమె వైపు చూశాడు. "పొద్దున వెళ్లి కొయ్యి. నీ చేతికంటే మంచి చెయ్యి ఆయనకి దొరకదు."

అత్తగారు లోపల్నుంచి, "కొవ్వొత్తులు సరిగ్గా రాలేదా?" అని అడిగింది. కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. ముసలావిడకి సంగతి అర్థం కాలేదు గానీ, వచ్చి తల మీద చెయ్యేసి కూచుంది.

గురువారం పొద్దున అక్క దిమ్మని మంచు మీద పెట్టి, కొత్త బ్లేడు బిగించి, గదిలో ఫ్యాను ఆపించింది. మొదటి పొర చిట్లి పొడైపోయింది. రెండోదీ అంతే. ఎక్కువ నానిన ముక్క ఎండిన రొట్టెలా పెళుసుగా ఉంటుంది. ఆమె యంత్రం ఆపి దిమ్మ మీద ఊదింది. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు ఊదింది. చక్రం సగం తిప్పింది. పొర ముడతపడుతూనే వచ్చింది గానీ తెగలేదు. సన్నటి కుంచె కొనతో దాన్ని నీళ్ల మీదకి దింపింది. నీటి వెచ్చదనానికి ముడత దానంతటదే సర్దుకుంది. అలా రెండు వచ్చాయి. మూడో తిప్పుకి దిమ్మలో మైనం తప్ప ఇంకేం లేదు.

రెండు పలకలు. అంతే.

బిగుసుకున్న ముక్కని మళ్లీ వదులు చెయ్యాలంటే కుక్కరులో ఉడకబెట్టాలి. వంటింటి కుక్కరు లాంటిదే, లోపల ఉప్పునీళ్ల లాంటి మందు. మామూలుగా పెట్టేంతసేపు పెడితే ఈ ముక్కకి చాలదు, అది మొదటిసారే తేలిపోయింది. రెట్టింపు పెడితే పొర గాజు నుంచి ఊడి కొట్టుకుపోవచ్చు. డాక్టరమ్మ, అక్క కుక్కరు ముందు నిలబడి, కొత్త పెళ్లికూతుళ్లు పాలు పొంగుతాయేమోనని చూసినట్టు చూశారు. ఆవిరి తగ్గాక మూత తీస్తే ఒక పలక బోసిగా ఉంది. దాని మీద పొర మందులో ఎక్కడో కలిసిపోయింది. రెండోదాని మీద ఒక మూల లేచి మడత పడింది. మిగతాది అంటుకునే ఉంది.

"పైన మీ ముక్క పెట్టలేదేం?" అని డాక్టరమ్మ అడిగింది.

"వేరే పలక మీద పెట్టాను మేడం. దీనికి సాక్షి దీని అంచులోనే ఉంది."

రంగు మందు చుక్కలు వేసి, తడి గుడ్డ పరిచిన పెట్టెలో గంట ఉంచింది. కడిగింది. ఇంకో మందు, ఇంకో కడుగుడు. చివరి మందు వేసినప్పుడు గోధుమరంగు కంటికే కనపడుతుందంటారు గానీ, ఆమె కంటితో చూడలేదు, భయం వేసింది. పలకకి మూత గాజు అంటించి మైక్రోస్కోపు కింద పెట్టింది. డాక్టరమ్మని పిలవకుండా ముందు తనే చూసింది. గడ్డ వైపు కాదు, అంచు వైపు. కడుపు గోడలో ఒకటి. ఇంకా జరిపితే పక్కపక్కనే రెండు. ఇంకొంచెం కింద మూడోది. గోధుమరంగులో నిక్షేపంగా ఉన్నాయి. అంతసేపూ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. గడ్డ ఏదైనా సరే, ఇక ఈ పలక చెప్పేది నిజం. పలకని మెల్లగా పక్కకి జరిపింది.

గడ్డ మొత్తం గోధుమరంగే. ఒక్క కణం కూడా మిగలకుండా.

డాక్టరమ్మ వచ్చి అంచు, గడ్డ రెండూ చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "కండరం కాదు అక్కా" అంది. కటువు గొంతు కాస్తా ఎటో పోయింది. కొత్త రిపోర్టు రాసి, పాతది తప్పని, ఎందుకు తప్పయిందో కూడా రాసి సంతకం పెట్టింది. ఇంజెక్షన్ల డాక్టరుకి తనే చెప్పింది. ఇంజెక్షన్లు వద్దు, మాత్ర మొదలుపెడదాం అన్నాడాయన.

కొత్త రిపోర్టు కోసం కబురు పెడితే, శుక్రవారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. వ్యాను గేటు బయట ఆపి, కిటికీ దగ్గర నిలబడింది. ముప్ఫై ఏళ్లలో అక్క ఎప్పుడూ ఆ కిటికీ దగ్గరికి వెళ్లలేదు. ఆ రోజు వెళ్లింది. ఆ పిల్లకి పాతికేళ్లు ఉంటాయేమో, కళ్ల కింద నలుపు. డాక్టరమ్మ రోగం సంగతి మొత్తం విడమర్చి చెప్పింది. అయ్యాక అక్క ముందుకి జరిగింది.

"మొన్న ఫోన్ చేసింది నేనేనమ్మా. రికార్డు కోసమని అబద్ధం చెప్పాను. మొదటి పరీక్ష సరిగ్గా జరిగిందని టిక్కు పెట్టింది కూడా నేనే. సరిగ్గా చూడకుండా పెట్టాను."

ఆ పిల్ల రిపోర్టు కాగితం రెండు చేతులా పట్టుకుని అలాగే చూసింది.

"సోమవారం నుంచి నాన్న ఎలా ఉన్నాడో మీకు తెలుసా?" అంది. గొంతు పెంచలేదు. "నాలుగు రోజులు. పనిముట్లన్నీ ఎవరెవరికి ఇవ్వాలో చీటీలు రాసి కట్టాడు."

"తెలీదమ్మా" అంది అక్క. "ఎవరి సంగతీ మాకు తెలీదు. తప్పు అయింది."

చెయ్యగలిగితే ఆ క్షణం ఆ పిల్ల కాళ్లు పట్టుకునేది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదుకుంది, ఫోన్ తీసి నంబరు కలిపింది. "నాన్నా, నేను చెప్తే నువ్వు నమ్మవు. ధైర్యానికి చెప్తున్నానంటావు. ఇక్కడ ఒకావిడ ఉన్నారు, విను" అని ఫోన్ కిటికీలోంచి లోపలికి పెట్టింది.

రోగులతో మాట్లాడటం అక్క పని కాదు, అనుమతీ లేదు. డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ తల ఊపింది.

అవతల పెద్దమనిషి గొంతు, కొంచెం నీరసంగా. "ఎవరమ్మా?"

"నేను ల్యాబులో మీ ముక్క కోసినదాన్నండి. ముందు చెప్పిన జబ్బు కాదు మీది. ఇంకోటి. దానికి మాత్ర ఉంది. రోజుకొకటి వేసుకోవాలి. మందు ఎలా పని చేస్తుందో డాక్టర్లు చూస్తూ ఉంటారు. కానీ ఇంజెక్షన్లు లేవు. ఇది మాత్రం నిజం, నేను కళ్లతో చూశాను."

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"అమ్మా, నేను కుర్చీలు అల్లుతాను" అన్నాడాయన చివరికి. "పేము కుర్చీలు. ఈ పొద్దునే ఒకాయన పన్నెండు కావాలని వచ్చాడు. మూడు నెలల పని. నావల్ల కాదు, ఇంకెవర్నైనా చూసుకోమని పంపేశాను." ఆగాడు. అడగాలా వద్దా అన్నట్టు ఆగాడు. "ఆయనకి ఫోన్ చేసి ఒప్పుకోమంటావా?"

లక్ష మందిని కోసిన మనిషి, ఒక్కరికీ ఒక్క మాటా చెప్పని మనిషి, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.

"ఒప్పుకోండి అన్నయ్యా" అంది. "ఇప్పుడే చెయ్యండి ఫోను. ఆయన ఇంకొకళ్ల దగ్గరికి వెళ్లిపోకముందే."